టచ్ డ్రైవర్ బూట్‌ని ఆపేస్తుంటే

బోర్డుకి కరెంటు ఇచ్చిన దగ్గర్నుంచి స్క్రీన్ మీద మొదటి బొమ్మ వచ్చేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో కస్టమర్ ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మరీ చూస్తాడు. ఆలస్యమైతే అందరి అనుమానమూ డిస్‌ప్లే మీదికో, ఈఎంఎంసీ (బోర్డు మీది స్టోరేజ్ చిప్) మీదికో, నెట్‌వర్క్ మీదికో పోతుంది. టచ్ డ్రైవర్ జోలికి ఎవరూ వెళ్లరు. హైదరాబాద్‌లో టికెట్ యంత్రాలకీ, బిల్లింగ్ యంత్రాలకీ లినక్స్ బోర్డులు బూట్ చేయించడం నా ఉద్యోగం. అందుకని నేను మొదట చూసేది ఇన్‌పుట్ డ్రైవర్లనే. వాటి అసలు పని పది, ఇరవై మిల్లీసెకన్లలో అయిపోతుంది. చిప్ లేచేదాకా కాచుకుని కూర్చోవడానికి మాత్రం మూడు వందలు పడుతుంది.

ఇది కొత్త సంగతి కూడా కాదు. లినక్స్ కెర్నెల్‌లో రూట్ ఫైల్‌సిస్టమ్‌ని మౌంట్ చేసే చోట, డివైస్‌ల ప్రోబింగ్, అంటే ఒక్కో డ్రైవర్ తన చిప్‌ని వెతికి సిద్ధం చేసుకునే పని, పూర్తయ్యేదాకా ఆగే లైను ఒకటి ఉంది. దాని పైన కామెంట్‌లోనే రాసిపెట్టారు: ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ సిద్ధం కావడానికి ఇక్కడ 5 సెకన్లు ఆగాల్సి రావడం మామూలేనని.

కోడ్ ముట్టుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోండి. ఈ పరికరాన్ని మనిషి అన్నిటికంటే ముందుగా ఎప్పుడు ముట్టుకోగలడు? టికెట్ యంత్రంలో బటన్లు కనిపించేదాకా ఎవరూ స్క్రీన్ మీద వేలు పెట్టరు. అంటే ఆ స్క్రీన్ గీసేదాకా టచ్ డ్రైవర్‌కి టైముంది. ఆలోపు అది ఎంతసేపు నిద్రపోయినా నష్టం లేదు, వేరేవాళ్ల దారికి అడ్డంగా పడుకోకపోతే చాలు. అదే డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసిన ల్యాప్‌టాప్ అయితే కీబోర్డు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోనే (అసలు డిస్క్ తెరుచుకునే ముందు మెమరీలో నడిచే చిన్న సిస్టమ్) పనిచేయాలి, లేకపోతే పాస్‌వర్డ్ కొట్టేదెలా? ఈ రెండిటికీ ఒకే మందు పనికిరాదు. కింద నేను చెప్పేది ఎక్కువగా మొదటి రకం గురించి.

ముందు కొలవండి

కెర్నెల్ కమాండ్ లైన్‌లో ఇనిట్‌కాల్_డీబగ్ అని ఒక్క మాట చేర్చండి. బూట్ అయ్యాక డీమెసేజ్‌లో, అంటే కెర్నెల్ లాగ్‌లో, ప్రతి ఇనిట్ ఫంక్షన్‌కీ ఎన్ని మైక్రోసెకన్లు పట్టిందో కనిపిస్తుంది. కొత్త కెర్నెళ్లలో ఒక్కో డివైస్ ప్రోబ్‌కి పట్టిన టైము కూడా విడిగా వస్తుంది. మీకు కావలసింది ఆ రెండోదే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. సీరియల్ కన్సోల్ 1,15,200 బాడ్ మీద నడుస్తుంటే సెకనుకి సుమారు 11,500 అక్షరాలే బయటికి పోతాయి. ఇనిట్‌కాల్_డీబగ్ లక్ష అక్షరాలు కక్కితే, వాటిని కన్సోల్ మీదికి నెట్టడానికే ఎనిమిది సెకన్లు దాటుతుంది. అప్పుడు మీరు కొలుస్తున్నది డ్రైవర్‌ని కాదు, కేబుల్‌ని. కాబట్టి కమాండ్ లైన్‌లో క్వయట్ (ఈ లాగ్ కన్సోల్ మీదికి రాకుండా ఆపే మాట) కూడా పెట్టండి, లాగ్ బఫర్ సైజు పెంచండి, లాగిన్ అయ్యాక డీమెసేజ్‌లో తీరిగ్గా చదువుకోండి. రెండోది, రీబూట్ కొట్టి కొలవకండి. చాలా బోర్డుల్లో రీబూట్‌లో టచ్ చిప్‌కి కరెంటు పోదు, అది లేచే ఉంటుంది, అంకెలన్నీ ముద్దొస్తాయి. అడాప్టర్ పీకి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా కాసేపు ఆగి, మళ్లీ పెట్టండి. కస్టమర్ చూసేది ఆ బూటే.

మా బోర్డుల్లో తరచూ కనిపించే లైను ఇలా ఉంటుంది: ప్రోబ్ ఆఫ్ 1-0038 రిటర్న్‌డ్ 0 ఆఫ్టర్ 318000 యూసెక్స్. 1 అంటే ఐస్క్వేర్‌సీ (చిన్న చిప్పులతో రెండు వైర్ల మీద మాట్లాడే పద్ధతి) బస్ నంబరు, 0038 అంటే ఆ బస్ మీద చిప్ అడ్రస్. ఎఫ్‌టీ5ఎక్స్06 కుటుంబం టచ్ చిప్పులు సాధారణంగా ఈ అడ్రస్‌లోనే ఉంటాయి. మూడు లక్షల పద్దెనిమిది వేల మైక్రోసెకన్లు ఎక్కడ పోయాయో తెలుసుకోవడానికి ట్రేసింగ్ కూడా అక్కర్లేదు. డ్రైవర్ తెరిచి ప్రోబ్ ఫంక్షన్ చదవండి. రీసెట్ పిన్‌ని 5 మిల్లీసెకన్లు పట్టి ఉంచుతుంది, వదులుతుంది, ఆ వెంటనే ఎంస్లీప్ 300, అంటే 300 మిల్లీసెకన్ల నిద్ర. అంతే. మిగిలిన పదమూడు మిల్లీసెకన్లు చిప్‌తో నిజంగా మాట్లాడిన టైము.

అడగాల్సినవన్నీ ముందే అడగాలి

చిప్ కంపెనీలు తమ డిస్‌ప్లేతో పాటు జిప్ ఫైల్‌లో ఇచ్చే డ్రైవర్లలో నేను పదే పదే చూసే జబ్బు ఒకటుంది. ప్రోబ్ మొదలవగానే రీసెట్ పిన్ ఆడిస్తారు, 300 మిల్లీసెకన్లు నిద్రపోతారు, ఆ తర్వాత తీరిగ్గా రెగ్యులేటర్ (చిప్‌కి కరెంటు ఇచ్చేది) కావాలని అడుగుతారు. పవర్ చిప్ డ్రైవర్ అప్పటికి ఎక్కలేదనుకోండి, కెర్నెల్ మైనస్ 517 అంటుంది. అంటే ప్రోబ్ డిఫర్, తర్వాత రా అని. డ్రైవర్ వెనక్కి పోతుంది. ఇంకేదైనా డివైస్ విజయవంతంగా బైండ్ అయిన ప్రతిసారీ కెర్నెల్ ఇలా వాయిదా పడ్డవాళ్లందరినీ మళ్లీ పిలుస్తుంది. మళ్లీ రీసెట్, మళ్లీ 300 మిల్లీసెకన్ల నిద్ర, మళ్లీ మైనస్ 517. ఒక్కో పిలుపు విడివిడిగా చూస్తే చిన్నదే, లాగ్‌లో అదే 1-0038 నాలుగైదుసార్లు కనిపించినప్పుడు గానీ అసలు విషయం బయటపడదు.

మందు తేలిక. రెగ్యులేటర్, క్లాక్, రీసెట్ పిన్, ఇంటరప్ట్, మెమరీ, అన్నీ ముందే తెచ్చుకోండి. వీటిలో ఏది దొరక్కపోయినా అక్కడికక్కడే, మైక్రోసెకన్లలో, వెనక్కి తిరగాలి. అన్నీ చేతిలోకి వచ్చాకే చిప్‌ని ముట్టుకోవాలి. వెనక్కి తిరిగేటప్పుడు డెవ్_ఎర్_ప్రోబ్ వాడితే, వాయిదాని ఎర్రర్‌లాగా అరిచి చెప్పదు, కారణాన్ని మాత్రం గుర్తు పెట్టుకుంటుంది. డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో డివైసెస్_డిఫర్డ్ అనే ఫైల్ తెరిస్తే ఎవరు ఎందుకు ఆగిపోయారో అక్కడ కనిపిస్తుంది. ఈ ఫైల్ సంగతి తెలియక ప్రింట్‌కేలు (లాగ్‌లో రాయించే లైన్లు) చల్లుకుంటూ సాయంత్రాలు గడిపేవాళ్లు ఇంకా ఉన్నారు.

నిద్రలోనూ తేడాలున్నాయి

ఎండిలే అని కనిపిస్తే మొదట దాన్ని తీసేయండి. అది నిద్ర కాదు, సీపీయూ అక్కడే గిరగిరా తిరుగుతుంది. ఒకటే కోర్ ఉన్న చవక బోర్డులో ఎండిలే 200 అంటే ఆ కోర్ 200 మిల్లీసెకన్లు వృథా, డ్రైవర్‌ని ఏ థ్రెడ్‌లోకి తోసినా ఆ వృథా మీ వెంటే వస్తుంది. ప్రోబ్‌లో నిద్రపోవడానికి అభ్యంతరం లేదు కాబట్టి ఎంస్లీప్ వాడొచ్చు.

ఎంస్లీప్‌కీ ఒక మెలిక ఉంది. 20 మిల్లీసెకన్ల లోపు నిద్రకి అది పనికిరాదు. అది టైమర్ టిక్‌ల లెక్కన నడుస్తుంది. హెచ్‌జెడ్ (సెకనుకి ఎన్ని టిక్‌లో చెప్పే అంకె) 100 ఉన్న కెర్నెల్‌లో ఒక్కో టిక్ 10 మిల్లీసెకన్లు, కాబట్టి ఎంస్లీప్ 1 అని రాస్తే 20 దాకా పోవచ్చు. ఇప్పుడు ఇలాంటి లూప్ ఊహించుకోండి: చిప్ స్టేటస్ రిజిస్టర్ చదువు, సిద్ధంగా లేకపోతే ఎంస్లీప్ 1, ఇలా 50 సార్లు. రాసినవాళ్ల లెక్క 50 మిల్లీసెకన్లు. బోర్డు మీద అది సెకను దగ్గరికి పోతుంది. యూస్లీప్_రేంజ్‌కి 1000, 1500 అని రెండు అంకెలివ్వండి, లేదా ఎఫ్‌స్లీప్ వాడండి, ఏది సరిపోతుందో అదే చూసుకుంటుంది.

అసలు ఎంతసేపు ఆగాలన్నది ఇంకో ప్రశ్న. డేటాషీట్‌లో 300 అని ఉంటే అది గరిష్ఠం, మీ టేబుల్ మీది ప్యానెల్ 120కే లేవొచ్చు. అలాగని 300 కొట్టేసి 120 రాయకండి. చలిలో లేచే ప్యానెల్, వేరే బ్యాచ్ ప్యానెల్, వోల్టేజి కాస్త తక్కువున్న ప్యానెల్ మీ టేబుల్ మీదికి రావు, నేరుగా ఫీల్డ్‌లోకి పోతాయి. చిప్‌నే అడగడం మంచి పద్ధతి. చాలా చిప్పులు లేచాక ఇంటరప్ట్ లైను లాగుతాయి. ఈలాన్ టచ్ స్క్రీన్ చిప్ అయితే 55 55 55 55 అని నాలుగు బైట్ల పలకరింపు పంపుతుంది, కెర్నెల్ డ్రైవర్‌లో దాని పేరే హలో ప్యాకెట్. ఇలాంటిది ఉంటే ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో కంప్లీషన్ సిగ్నల్ ఇచ్చి, ప్రోబ్‌లో టైమౌట్‌తో దానికోసం ఆగండి. ఏమీ లేకపోతే రీడ్_పోల్_టైమౌట్‌తో ఐడీ రిజిస్టర్‌ని కొన్ని మిల్లీసెకన్లకోసారి చదవండి. గరిష్ఠం డేటాషీట్ చెప్పినంతే ఉంచండి. లేచే చిప్ తొందరగా వదిలేస్తుంది, మొండి చిప్‌కి దక్కాల్సిన టైము దక్కుతుంది. ఒక్క మినహాయింపు: లేచే మధ్యలో ఐస్క్వేర్‌సీ మీద కదిలిస్తే బిగుసుకుపోయే చిప్పులు కొన్ని ఉన్నాయి. అలాంటివాటి డేటాషీట్‌లో మొదటి మాటకి ముందు ఆగాల్సిన కనీస టైము రాసి ఉంటుంది, అది గడిచేదాకా చిప్‌ని కదిలించకండి.

బూట్‌లోడర్ మీ చేతిలో ఉంటే ఇంకో దారుంది. బియ్యం పొయ్యి మీద పెట్టాకే కదా కూరగాయలు తరుగుతాం. అలాగే యూ-బూట్‌లోనే టచ్ చిప్‌కి పవర్ ఇచ్చి రీసెట్ పిన్ వదిలేయండి. కెర్నెల్ లోడ్ అయి, విప్పుకుని, ప్రోబ్ దాకా వచ్చేసరికి చిప్ ఎప్పుడో లేచి ఉంటుంది. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నెల్‌కి చెప్పే ఫైల్) ఆ డ్రైవర్‌కి రీసెట్ పిన్ ఇవ్వకపోతే 300 మిల్లీసెకన్ల నిద్ర ఆ దారికే రాదు. కానీ దీనికో ఖరీదుంది: ఎప్పుడైనా చిప్ బిగుసుకుపోతే దాన్ని రీసెట్ చేసే హక్కు డ్రైవర్‌కి ఉండదు. జనం రోజంతా నొక్కే యంత్రాల్లో నేను ఈ పని చేయను. చేతిలో పట్టుకునే, రోజూ ఆపి పెట్టే పరికరాల్లో చేస్తాను.

అసింక్ పెట్టినా తగ్గలేదా?

మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి ఒకసారి వచ్చి, "అక్కా, అసింక్రనస్ పెట్టేశాను, అయినా బూట్ టైము అంతే ఉంది" అన్నాడు. ఈ మాట చాలామంది నోట వింటాను కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుతాను.

4.2 కెర్నెల్ నుంచి, అంటే 2015 నుంచి, డ్రైవర్ స్ట్రక్చర్‌లో ప్రోబ్_టైప్ అని ఒక ఫీల్డ్ ఉంది. అందులో ప్రిఫర్ అసింక్రనస్ అని పెడితే కెర్నెల్ ఆ ప్రోబ్‌ని వేరే థ్రెడ్‌లో నడిపి తన దారిన తాను పోతుంది. ఈలాన్ టచ్‌ప్యాడ్, ఐస్క్వేర్‌సీ హిడ్ (ఇన్‌పుట్ పరికరాల ఉమ్మడి ప్రమాణం) లాంటి డ్రైవర్లలో ఇది ఇప్పటికే ఉంది. మీ డ్రైవర్‌లో లేకపోతే కోడ్ మార్చకుండానే పరీక్షించొచ్చు: కమాండ్ లైన్‌లో డ్రైవర్_అసింక్_ప్రోబ్ అని రాసి, ఈక్వల్ గుర్తు పెట్టి, డ్రైవర్ పేరివ్వండి.

మరి ఎందుకు తగ్గదు? డ్రైవర్ కెర్నెల్‌లోపలే బిల్ట్-ఇన్‌గా ఉంటే, అసింక్ ప్రోబ్‌లన్నీ ముగిసేదాకా కెర్నెల్ మొదటి ప్రాసెస్‌ని, అంటే ఇనిట్‌ని, మొదలుపెట్టదు. మొదట చెప్పిన ఆ కామెంట్ గుర్తుంది కదా, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ లేని బోర్డులో రూట్ మౌంట్‌కి ముందే అక్కడ ఆగుతుంది. ఉన్న బోర్డులోనూ ఇనిట్‌ని పిలిచే ముందు ఇంకోసారి ఆగుతుంది. కాబట్టి మిగతా డ్రైవర్ల పనిలో మీ 300 మిల్లీసెకన్లు కలిసిపోతే లాభం, మీదే అందరికంటే పొడుగు నిద్ర అయితే లాభం సున్నా. ఆ అబ్బాయి బోర్డులో మిగతా కెర్నెల్ చకచకా అయిపోయి, చివర్లో అందరూ టచ్ కోసం ఎదురుచూస్తున్నారు.

అలాంటప్పుడు నేను చెప్పే మొదటి మాట: దాన్ని మాడ్యూల్‌గా, అంటే కెర్నెల్‌లో కలిపేయకుండా తర్వాత ఎక్కించుకునే ఫైల్‌గా, కట్టండి. మాడ్యూల్ అయితే యూడెవ్ (కొత్త డివైస్ కనిపించగానే దాని సంగతి చూసే, కెర్నెల్ బయటి ప్రోగ్రామ్) దాన్ని తన వర్కర్‌లో లోడ్ చేస్తుంది. ఆ వర్కర్ 300 మిల్లీసెకన్లు ఆగినా యూజర్‌స్పేస్ మిగతాదంతా ముందుకి నడుస్తూనే ఉంటుంది. మాడ్యూల్స్-లోడ్.డి ఫోల్డర్‌లో మాత్రం దాని పేరు రాయకండి. అక్కడ రాస్తే సిస్టమ్‌డీ దాన్ని బూట్ మొదట్లోనే వరసలో పెట్టి లోడ్ చేస్తుంది, వెనక ఉన్నవన్నీ ఆగుతాయి, చేసిందంతా వృథా. బిజీబాక్స్ మీద నడిచే చిన్న సిస్టమ్‌లో యూడెవ్ లేకపోతే స్టార్టప్ స్క్రిప్టులో ఇన్స్‌మాడ్ లైను చివర యాంపర్సాండ్ పెట్టండి, బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తుంది.

ప్రోబ్‌లో వర్క్‌క్యూ (పనిని తర్వాత వేరే థ్రెడ్‌లో చేయించే వరస) పెట్టి రీసెట్‌నీ రిజిస్ట్రేషన్‌నీ అందులోకి తోసేయడం ఇంకో పద్ధతి. వర్క్‌క్యూ కోసం ఇనిట్ ఆగదు, అది నిజమే. కానీ ప్రోబ్ అప్పటికే సున్నా చెప్పేసి వెళ్లిపోయింది కదా, తర్వాత చిప్ దొరక్కపోతే ఆ ఎర్రర్ ఎవరికి చెప్తారు? డివైస్ బైండ్ అయినట్టే కనిపిస్తుంది, టచ్ ఉండదు. రిమూవ్‌లో క్యాన్సిల్_వర్క్_సింక్ మర్చిపోతే తీసేసిన మెమరీ మీద వర్క్ నడుస్తుంది. మాడ్యూల్ పద్ధతి కుదరనప్పుడే దీని జోలికి వెళ్లండి. వెళ్తే ఒక వరస తప్పకూడదు: ఎక్స్, వై గరిష్ఠాలు, ఎన్ని వేళ్లు గుర్తించగలదు లాంటివన్నీ చిప్‌ని అడిగి తెలుసుకున్నాకే ఇన్‌పుట్ డివైస్‌ని రిజిస్టర్ చేయాలి. రిజిస్టర్ అయిన క్షణాన యూడెవ్ వాటిని చదివి ఇది టచ్ స్క్రీనా, టచ్‌ప్యాడా, మౌసా అని తేల్చేస్తుంది. తర్వాత మీరు మార్చినా ఆ తీర్పు మారదు.

ఫర్మ్‌వేర్

బిల్ట్-ఇన్ డ్రైవర్ ప్రోబ్‌లో రిక్వెస్ట్_ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్ ఫైల్‌ని తెచ్చే ఫంక్షన్) పిలిస్తే, అప్పటికి రూట్ ఫైల్‌సిస్టమ్ ఉండదు, ఫైల్ దొరకదు, మైనస్ 2 వస్తుంది. అదే యూజర్ హెల్పర్ ఫాల్‌బ్యాక్ (ఫైల్ దొరక్కపోతే యూజర్‌స్పేస్‌ని అడగడం) ఆన్ చేసిన కెర్నెల్‌లో ఇంకా ఘోరం: జవాబిచ్చేవాళ్లు లేక డిఫాల్ట్‌గా 60 సెకన్లు ఎదురుచూస్తుంది. బూట్‌లో కచ్చితంగా నిమిషం గ్యాప్ కనిపిస్తే నేను వేరే ఏదీ చూడను, ముందు ఈ కాన్ఫిగ్ ఆప్షన్ చూస్తాను. డ్రైవర్‌ని మాడ్యూల్ చేస్తే ఇది కూడా దానంతటదే పోతుంది. లేదంటే రిక్వెస్ట్_ఫర్మ్‌వేర్_నోవెయిట్ ఉంది, గూడిక్స్ డ్రైవర్ కాన్ఫిగ్ ఫైల్ కోసం అదే వాడుతుంది, రిమూవ్‌లో ఆ లోడింగ్ ముగిసేదాకా ఆగడం కూడా మరిచిపోదు.

ఇంతకీ ప్రతి బూట్‌లోనూ ఫర్మ్‌వేర్ ఎక్కించాలా? చిప్‌లో ఫ్లాష్ ఉంటే అక్కర్లేదు. లెక్క వేసుకోండి: 64 కిలోబైట్ల ఫైల్, 400 కిలోహెర్ట్జ్ ఐస్క్వేర్‌సీ, బైట్‌కి 9 క్లాక్‌లు. బస్ మీద తీసుకెళ్లడానికే దాదాపు 1.5 సెకన్లు. 100 కిలోహెర్ట్జ్ అయితే దాదాపు 6. ఫ్లాష్‌లో రాసే టైము ఇంకా కలపలేదు. వెర్షన్ పోల్చి చూసి, పాతదైతే ఆటోమేటిగ్గా అప్‌డేట్ చేసే కోడ్ చాలా డ్రైవర్లలో ప్రోబ్‌లోనే ఉంటుంది. మధ్యలో ఎవరైనా ప్లగ్ పీకితే చిప్ సగం ఫర్మ్‌వేర్‌తో మిగులుతుంది. ఆ పనిని సిస్‌ఎఫ్‌ఎస్‌లో (డ్రైవర్‌తో మాట్లాడే ఫైళ్లుండే చోటు) ఒక అప్‌డేట్_ఎఫ్‌డబ్ల్యూ ఫైల్‌కి మార్చండి, ఈలాన్, ఆట్మెల్ డ్రైవర్లు అలాగే చేస్తాయి. ఎప్పుడు నడపాలో యూజర్‌స్పేస్ చూసుకుంటుంది.

ల్యాప్‌టాప్‌ల సంగతి కొంచెం

ఐస్క్వేర్‌సీ హిడ్ టచ్‌ప్యాడ్‌కి రీసెట్ పంపితే అది ఇంటరప్ట్ ద్వారా అయిందని చెప్పాలి, స్పెసిఫికేషన్ దానికి 5 సెకన్ల గడువిచ్చింది. పాత కెర్నెళ్లు ఆ గడువంతా ఆగేవి. కొత్తవి ఆలోపు రిపోర్ట్ డిస్క్రిప్టర్ చదువుకుని, ఆ తర్వాత సెకను మించి ఆగవు. అయినా మీ లాగ్‌లో రీసెట్ ఫెయిల్ అయిందని వచ్చి, గడువంతా కాలిపోతుంటే టచ్‌ప్యాడ్‌ని తిట్టకండి. ఇంటరప్ట్ పిన్ తప్పు, లేదా లెవెల్, ఎడ్జ్ తారుమారు. జవాబు వచ్చే ఉంటుంది, మనకే వినపడలేదు.

పీఎస్/2 (పాత కీబోర్డు, మౌస్ కనెక్షన్) పరికరాలది మరో కథ. ఆ వైరు మీద ఒక్కో బైట్‌కి మిల్లీసెకను దాకా పడుతుంది. సినాప్టిక్స్ టచ్‌ప్యాడ్‌ని ఒక ప్రశ్న అడగాలంటే, ఆ ప్రశ్న బైట్‌ని రెండేసి బిట్ల ముక్కలుగా కోసి నాలుగు కమాండ్లలో పంపాలి, ప్రతి బైట్‌కీ అక్నాలెడ్జ్‌మెంట్ వేరే. జవాబుతో కలిపితే ప్రశ్నకి ఇరవై పైచిలుకు మిల్లీసెకన్లు. ఇలాంటివి ఎన్నో, పైగా సినాప్టిక్సా, ఆల్ప్సా, ఈలాన్‌టెక్కా అని ఒక్కొక్కటీ వరసగా తట్టి చూడాలి. రీసెట్‌కి జవాబు రాకపోతే 4 సెకన్ల టైమౌట్. మీ మెషీన్‌కి మామూలు పీఎస్/2 మౌసే ఉందని తెలిస్తే పీఎస్‌మౌస్.ప్రోటో=ఐఎంపీఎస్ అని పెట్టి ఆ తట్టడాలు మానిపించొచ్చు. మౌస్ పోర్టే లేని పారిశ్రామిక పీసీకి ఐ8042.నోఆక్స్ చాలు. టచ్‌ప్యాడ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో మాత్రం ఇవి పెట్టకండి, స్క్రోలింగ్, ట్యాపింగ్ అన్నీ పోతాయి.

వరస మారితే విరిగేవి

అసింక్ అయినా, మాడ్యూల్ అయినా, డ్రైవర్లు లేచే వరస మారుతుంది. నిన్నటిదాకా టచ్ డివైస్ ఫైల్ పేరు ఈవెంట్1, పవర్ బటన్‌ది ఈవెంట్0. ఇవాళ తారుమారు. అప్లికేషన్‌లో ఈవెంట్1 అని గట్టిగా రాసేసిన వాళ్లుంటే టచ్ పోయిందని మీకే ఫోన్ వస్తుంది, అదీ అప్పుడప్పుడూ మాత్రమే జరిగే బగ్‌గా. మార్పు పెట్టే ముందే అప్లికేషన్ వాళ్లని కూర్చోబెట్టి బై-పాత్ ఫోల్డర్‌లోని పేరు వాడమనండి, లేదా యూడెవ్ రూల్‌తో ఒక స్థిరమైన పేరివ్వండి. లిబ్‌ఇన్‌పుట్ లైబ్రరీ వాడేవాళ్లకి ఈ తంటా లేదు, డివైస్ ఆలస్యంగా వచ్చినా అదే పట్టుకుంటుంది.

సిస్టమ్‌డీ-అనలైజ్ బ్లేమ్ కొట్టి చూడండి. అందులో యూడెవ్-సెటిల్ సర్వీసు పైన కనిపిస్తే ఎవరో దాన్ని తమ యూనిట్‌లో ఆధారంగా రాశారన్నమాట. డివైస్‌లన్నీ వచ్చేదాకా ఆగడమే దాని పని, కాబట్టి మీరు పక్కకి తప్పించిన 300 మిల్లీసెకన్లని అది మళ్లీ దారిలోకి లాక్కొస్తుంది. యాప్‌కి నిజంగా టచ్ కావాలంటే ఆ ఒక్క డివైస్ యూనిట్ కోసమే ఆగమనండి.

మార్పులన్నీ అయ్యాక ఐస్క్వేర్‌సీ డ్రైవర్ ఫోల్డర్‌లోని అన్‌బైండ్, బైండ్ ఫైళ్లలోకి 1-0038 అని మార్చి మార్చి రాసే చిన్న షెల్ లూప్ ఒకటి రాత్రంతా తిప్పండి, పక్కన ఈవ్‌టెస్ట్ (ఇన్‌పుట్ ఈవెంట్లు చూపించే టూల్) నడుస్తుండగా. ప్రోబ్ వెనక వదిలిన పని ఇంకా సగంలో ఉండగా రిమూవ్ వస్తే ఏమవుతుందో దీంతో బయటపడుతుంది. తర్వాత స్లీప్‌లోకి పంపి లేపండి. చాలా డ్రైవర్లు రెజ్యూమ్‌లో కూడా అదే రీసెట్‌ని, అదే 300 మిల్లీసెకన్ల నిద్రతో సహా పిలుస్తాయి, ఇనిట్‌కాల్_డీబగ్ రెజ్యూమ్ టైములు కూడా లాగ్‌లో రాస్తుంది కాబట్టి కమాండ్ లైన్‌లోంచి అప్పుడే తీసేయకండి.